పరిశోధన మడి నుంచి పాలనా పీఠానికి: ఆచార్య వి. ప్రవీణ్‌రావు వృత్తి జీవితం – ఒక పరిశీలన

వ్యవసాయ విశ్వవిద్యాలయానికి నాయకత్వం వహించవలసినది శాస్త్రవేత్తా, పాలనాధికారా అన్న చర్చ మన దేశంలో ఆ విశ్వవిద్యాలయాలంత పాతది. రెండు వైపులా వాదనలున్నాయి. శాస్త్రవేత్తకు విషయం తెలుసు, వ్యవస్థ తెలియదని కొందరంటారు. అధికారికి వ్యవస్థ తెలుసు, పంట తెలియదని మరికొందరంటారు. ఈ చర్చలో తరచుగా మరుగునపడే ప్రశ్న ఒకటుంది. ఒక పరిశోధకుడు తన మడిని విడిచి పాలనా పీఠానికి వెళ్లినప్పుడు, ఆ శాస్త్రంలో నేర్చిన ఏ అలవాటు అతనికి అక్కడ అక్కరకు వస్తుంది? ఏది అక్కరకు రాదు?

ఈ ప్రశ్నను ఊహలతో గాక ఒక నిజమైన వృత్తి జీవితం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సేద్య విజ్ఞాన శాస్త్రవేత్తగా సూక్ష్మ నీటిపారుదల రంగంలో పరిశోధన సాగించి, ఆచార్య జయశంకర్ తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 2014లో ప్రత్యేకాధికారిగా, 2016 నుంచి 2022 వరకు ఉపకులపతిగా పనిచేసిన ఆచార్య వెల్చాల ప్రవీణ్‌రావు గారి ప్రస్థానం ఇందుకు తగిన ఉదాహరణ. ఆయన పరిశోధించిన విషయం నీరు. మడిలో నీటి లెక్క తేలినంత మాత్రాన ఊరి నీటి లెక్క తేలదు. శాస్త్రవేత్త పాలన వైపు అడుగు వేయవలసిన అవసరం సరిగ్గా అక్కడే పుడుతుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే విషయం.

విశ్వవిద్యాలయ నేపథ్యం

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964 జూన్ 12న ఏర్పడింది. బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు బాధ్యతలను ఒకే సంస్థకు అప్పగించే అమెరికా భూదాన విశ్వవిద్యాలయాల నమూనాను మన దేశం 1960లో పంత్‌నగర్‌తో స్వీకరించింది. రాజేంద్రనగర్‌లో ఆ నమూనా వేళ్లూనడానికి అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం సహకరించింది. తొలి ఉపకులపతి ఓ. పుల్లారెడ్డి గారు శాస్త్రవేత్త కారు, సివిల్ సర్వీసు నుంచి వచ్చిన పాలనాదక్షులు. కొత్త సంస్థకు భూమి, నిధులు, నియమావళి, భవనాలు సమకూర్చవలసిన ఆ దశకు అటువంటి అనుభవమే అవసరమైంది.

ఆ తరువాతి దశాబ్దాల్లో సంస్థ పెరిగింది, విడిపోయింది కూడా. 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టుకున్నది. 2005లో పశువైద్య విభాగం తిరుపతి కేంద్రంగా వేరు విశ్వవిద్యాలయమయింది. 2007లో ఉద్యాన విభాగం వెంకట్రామన్నగూడెం కేంద్రంగా వేరయింది. 2014లో రాష్ట్రమే రెండయింది. మారుటేరు, బాపట్ల, లాం, నంద్యాల, తిరుపతి, అనకాపల్లి కేంద్రాలు ఆంధ్రప్రదేశ్‌కు మిగిలాయి. రాజేంద్రనగర్ ప్రాంగణం, జగిత్యాల, వరంగల్, పాలెం ప్రాంతీయ పరిశోధన స్థానాలు తెలంగాణకు వచ్చాయి. ఆచార్య జయశంకర్ పేరిట కొత్త విశ్వవిద్యాలయం ఆవిర్భవించింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. 1964లో సమస్య లేనిదాన్ని నిర్మించడం. 2014లో సమస్య ఉన్నదాన్ని విభజించి, చేతికి వచ్చిన భాగాన్ని సంపూర్ణ సంస్థగా నిలబెట్టడం. ఉమ్మడి రాష్ట్రంలో ఒక పంటపై ఒక కేంద్రం ప్రధానంగా పనిచేసేది, మిగతావి దానికి తోడుగా ఉండేవి. ప్రధాన కేంద్రం పక్క రాష్ట్రానికి వెళ్లినప్పుడు తోడు కేంద్రమే ప్రధాన బాధ్యత ఎత్తుకోవలసి వచ్చింది. ఏ మండలానికి ఏ పరిశోధన అవసరమో, ఉన్న శాస్త్రవేత్తల్లో ఎవరు ఏ పని చేయగలరో తేల్చడం భవన నిర్మాణం కన్నా కష్టమైన పని. ఆ సమయంలో లోపల పెరిగిన శాస్త్రవేత్తకు బాధ్యత అప్పగించడంలోని ఔచిత్యం ఇందులోనే ఉన్నది.

నీటి శాస్త్రం: చేవెళ్ల–మొయినాబాద్ పల్లెల ఉదాహరణ

ఆచార్య ప్రవీణ్‌రావు గారి పరిశోధన రంగం ఎంత ముఖ్యమైనదో గ్రహించడానికి రాజేంద్రనగర్ నుంచి దూరం పోనక్కరలేదు. పడమరగా కొద్ది దూరంలోనే మొయినాబాద్ మండలంలోని సురంగల్, ఆపైన చేవెళ్ల ప్రాంతపు పల్లెలు ఉన్నాయి. ఈ నేల మూసీ, ఈసీ నదుల పరీవాహక ప్రాంతం. 1908 వరదల అనంతరం మూసీపై ఉస్మాన్‌సాగర్, ఈసీపై హిమాయత్‌సాగర్ నిర్మించారు. ఇక్కడ కురిసిన వాన నగరపు తాగునీటి జలాశయాలకు చేరుతుంది. ఇక్కడి రైతుకు మాత్రం కాలువ నీరు లేదు. బోరుబావే ఆధారం. నగర విపణి దగ్గర కాబట్టి కూరగాయలు, పూలు లాభసాటి. అవి క్రమం తప్పకుండా నీరు కోరే పంటలు. ఎర్ర చల్క నేల ఒక చోట, నల్లరేగడి మరొక చోట కనిపించే ఈ ప్రాంతంలో ఒకే నీటి పద్ధతి అన్ని చేలకూ సరిపోదు.

బిందు సేద్యం అంటే పైపులు, డ్రిప్పర్లు అమర్చడమేనన్న భావన విస్తరణ రంగంలో ఇప్పటికీ బలంగా ఉన్నది. పరికరం సగమే. మిగతా సగం, ఎప్పుడు ఎంత నీరు ఇవ్వాలన్న లెక్క. ఆ లెక్క లేనిచోట డ్రిప్పు కూడా నీటిని వృథా చేసే సాధనమే అవుతుంది. విద్యార్థుల కోసం ఒక ఉదాహరణను పూర్తిగా చేసి చూద్దాం.

పంటకు రోజుకు కావలసిన నీరు రెండు అంశాలపై ఆధారపడుతుంది. ఒకటి వాతావరణం: ఎండ, గాలి, తేమ, ఉష్ణోగ్రతలను బట్టి నేల నుంచీ ఆకుల నుంచీ ఆవిరయ్యే నీటి పరిమాణం. రెండవది పంట దశను తెలిపే పంట గుణకం. 1998లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ వెలువరించిన 56వ సంచిక ఈ లెక్కకు ప్రపంచమంతటా ప్రమాణం. ఫిబ్రవరి మాసంలో వాతావరణపు అవసరం రోజుకు 5 మి.మీ. అనుకుందాం. టమాట నాటిన తొలి రోజుల్లో గుణకం 0.6, పూత–కాత దశలో 1.15. అంటే తొలి దశలో పంటకు రోజుకు 3 మి.మీ., కాత దశలో 5.75 మి.మీ. నీరు కావాలి. డ్రిప్పు సామర్థ్యం 90 శాతంగా తీసుకుంటే ఇవ్వవలసినది వరుసగా 3.3 మి.మీ., 6.4 మి.మీ.

ఒక చదరపు మీటరుపై ఒక మి.మీ. నీరంటే ఒక లీటరు. వరుసల మధ్య 1.2 మీటర్లు, డ్రిప్పర్ల మధ్య 0.4 మీటర్ల ఎడం ఉంటే ఒక్కొక్క డ్రిప్పరు పరిధి 0.48 చదరపు మీటర్లు. కాబట్టి ఒక్కొక్క డ్రిప్పరు తొలి దశలో 1.6 లీటర్లు, కాత దశలో 3.1 లీటర్లు ఇవ్వాలి. గంటకు 2 లీటర్ల డ్రిప్పరయితే మొదటి దశలో 48 నిమిషాలు, రెండవ దశలో గంటన్నర మోటారు నడపాలి.

ఇప్పుడు నాటిన రోజు నుంచి కోత దాకా రోజూ 2 గంటల పాటు మోటారు నడిపే రైతును తీసుకుందాం. తొలి దశలో అతడు ఒక్కొక్క డ్రిప్పరు ద్వారా 4 లీటర్లు ఇస్తున్నాడు. అవసరానికి రెండున్నర రెట్లు. అదనపు నీరు రోజుకు 5 మి.మీ. ఎకరంపై ఒక మి.మీ. నీరంటే సుమారు 4,047 లీటర్లు. అంటే ఎకరానికి రోజుకు దాదాపు 20 వేల లీటర్ల నీరు మొక్కకు అక్కరలేకుండానే బోరు నుంచి పైకి వస్తోంది. ఆ నీటితో పాటు నత్రజని కూడా వేరు మండలం దాటి కిందికి పోతుంది. చేలో డ్రిప్పు ఉన్నది, రాయితీ కూడా అందింది, కానీ నీరు ఆదా కాలేదు. పథకం లెక్కల్లో ఆ ఎకరం సాధించిన లక్ష్యంగానే కనిపిస్తుంది.

నేల స్వభావం రెండవ అంశం. ఎర్ర చల్కలో నీరు పక్కకు తక్కువగా, లోతుకు ఎక్కువగా పోతుంది. నల్లరేగడిలో పక్కకు ఎక్కువగా విస్తరిస్తుంది. అందువల్ల చల్కలో డ్రిప్పర్లు దగ్గర దగ్గరగా ఉండాలి, నీటిని కొద్ది కొద్దిగా ఎక్కువ సార్లు ఇవ్వాలి. రేగడిలో ఎడం పెంచవచ్చు, తడుల మధ్య వ్యవధి కూడా పెంచవచ్చు. నీటితో పాటు ఎరువులను ఇచ్చే ఫెర్టిగేషన్‌కూ ఇదే సూత్రం. నత్రజని నీటితో కదులుతుంది కాబట్టి చిన్న మోతాదుల్లో తరచుగా ఇవ్వాలి. భాస్వరం నేలలో పట్టుబడిపోతుంది కాబట్టి ఎక్కువ భాగం ముందే వేరు దగ్గర వేయాలి. గట్టి నీరున్న బోర్ల కింద డ్రిప్పర్లు లవణాలతో పూడుకుపోతాయి, వాటికి ఆమ్ల చికిత్స అవసరం.

ఇవన్నీ పెద్ద సిద్ధాంతాలు కావు. కొలత, కాలం, స్థానం అనే మూడు విషయాలను ప్రతి చేనుకూ, ప్రతి దశకూ తిరిగి తిరిగి అడిగే అలవాటు. సూక్ష్మ నీటిపారుదల శాస్త్రవేత్త వృత్తి జీవితమంతా ఈ అలవాటుతోనే గడుస్తుంది.

మడి చెప్పలేని సంగతి

పరిశోధన మడిలో డ్రిప్పు కింద పంట వేస్తే కాలువల పద్ధతి కన్నా తక్కువ నీటితో అంతే లేదా అంతకన్నా ఎక్కువ దిగుబడి వస్తుంది. ఈ ఫలితం దేశమంతటా, ఎన్నో పంటలపై రుజువయింది. అయితే ఆ మడి చుట్టూ గట్టు ఉన్నది. మిగిలిన నీరు ఎక్కడికి పోయిందో ఆ ప్రయోగం అడగదు.

రైతు చేలో ఆ గట్టు లేదు. నీరు మిగిలితే అతడు మరో అరెకరం సాగులోకి తెస్తాడు, లేదా మరింత నీరు కోరే పంట వేస్తాడు. అది అతని దృష్టిలో సబబే. కానీ భూగర్భ జలం మాత్రం పెరగదు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో మరింత సమర్థమైన నీటిపారుదల పరికరాలకు రాయితీలిచ్చిన తరువాత రైతులు తోడిన భూగర్భ జలం తగ్గకపోగా పెరిగిందని 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. మన రాజేంద్రనగర్‌కు తొలినాళ్లలో తోడుగా నిలిచిన విశ్వవిద్యాలయం ఉన్న రాష్ట్రమే అది. పరికరం మెరుగుపడినంత మాత్రాన వనరు నిలవదన్న పాఠం అక్కడా ఇక్కడా ఒకటే.

మన ప్రాంతంలో ఈ వైరుధ్యం మరింత స్పష్టం. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. 2003 నవంబరులో ఉమ్మడి రాష్ట్రం సూక్ష్మ నీటిపారుదల పథకాన్ని పెద్ద ఎత్తున ప్రారంభించింది. 2004 మే మాసంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది 24 గంటల సరఫరా అయింది. రైతుకు ఆ విద్యుత్తు ఇచ్చిన ఊరట కాదనలేనిది. అయితే నీటిని పొదుపు చేస్తే మిగిలే కరెంటు ఖర్చు సున్న అయినప్పుడు, 48 నిమిషాలు నడపవలసిన మోటారును రెండు గంటలు నడపకుండా ఆపేది రైతు వివేకమొక్కటే. ఒక విధానం నీటిని ఆదా చేయమంటుంది, మరొకటి ఆ ఆదాకు విలువ లేకుండా చేస్తుంది. ఈ రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టి లెక్క చెప్పగల చోటు మడి కాదు. అది విశ్వవిద్యాలయ పాలక మండలి, ప్రభుత్వ సమీక్ష సమావేశం, రాష్ట్ర పంటల ప్రణాళిక. నీటి శాస్త్రవేత్త ఆ బల్ల దగ్గరికి వెళ్లకపోతే అక్కడ అతని లెక్కను వేరెవరో అరకొరగా చెబుతారు.

కొత్త విశ్వవిద్యాలయంలో 8 సంవత్సరాలు

ప్రత్యేకాధికారిగా, ఆ తరువాత ఉపకులపతిగా ఆచార్య ప్రవీణ్‌రావు గారి కాలంలో జరిగిన పనులను మూడు వర్గాలుగా చూడవచ్చు. వాటిని కాల ప్రమాణాన్ని బట్టి విడదీయడం మేలు.

మొదటి వర్గం ఒకటి రెండేళ్లలో ఫలితం కనిపించేవి. రాజేంద్రనగర్ ప్రాంగణంలో నాబార్డు తోడ్పాటుతో ‘అగ్‌హబ్’ అనే ఆవిష్కరణల కేంద్రం 2021లో ప్రారంభమయింది. వ్యవసాయ అంకుర సంస్థలకు, విద్యార్థుల ఆలోచనలకు అది వేదిక. డ్రోన్లతో మందుల పిచికారీపై విశ్వవిద్యాలయం ప్రయోగాలు చేపట్టింది. ఏ పంటపై ఎంత ఎత్తున ఎగరాలి, ఎకరానికి ఎన్ని లీటర్ల ద్రావణం వాడాలి, గాలి ఎంత ఉన్నప్పుడు ఆపాలి అన్న ప్రశ్నలు ఇక్కడా మళ్లీ కొలత, కాలం, స్థానం గురించినవే. డ్రోన్ల పిచికారీకి కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో ప్రామాణిక విధానాలను విడుదల చేసింది. కొత్త పరికరం వచ్చినప్పుడు దానిని అమ్మేవాడు చెప్పిన మోతాదు కన్నా ముందు కొలిచి చూసిన మోతాదు రైతుకు అందాలన్నది విశ్వవిద్యాలయం పాటించవలసిన ధర్మం.

రెండవ వర్గం అయిదారేళ్ల పనులు. సిరిసిల్ల, వరంగల్ వంటి చోట్ల కొత్త వ్యవసాయ కళాశాలలు వచ్చాయి. కళాశాల వచ్చిన చోట విద్యార్థులతో పాటు శాస్త్రవేత్తలూ, ప్రయోగ క్షేత్రాలూ వస్తాయి. అయితే కళాశాల నిజమైన విలువ అక్కడి అధ్యాపక స్థానాలు నిండి, క్షేత్రాలు స్థిరపడి, రెండు మూడు తరాల విద్యార్థులు బయటికి వెళ్లిన తరువాతనే తెలుస్తుంది.

మూడవ వర్గం పదేళ్లకు పైబడిన పనులు. ఇక్కడే ఉపకులపతి పదవీకాలానికీ, శాస్త్రం నడకకూ పొంతన కుదరదు. ఇందుకు తెలంగాణ సోనా మంచి ఉదాహరణ. ఆర్‌ఎన్‌ఆర్ 15048గా నమోదయిన ఈ సన్నరకం వరి 2015లో విడుదలయింది. కాలపరిమితి సుమారు 125 రోజులు. అగ్గితెగులును తట్టుకుంటుంది. గ్లైసీమిక్ సూచిక సుమారు 51 కావడంతో తక్కువ సూచిక గల బియ్యంగా పేరు పొందింది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి 150 రోజుల పంట. సన్న బియ్యం కోరే రైతుకు 25 రోజుల ముందే కోత వచ్చిందంటే, వరి మడిలో 25 రోజుల నీరు మిగిలినట్లే. డ్రిప్పు లేకుండానే, పైపు లేకుండానే, విత్తనంలోనే దాగిన నీటి ఆదా ఇది.

ఈ రకం వంశాన్ని చూస్తే సంస్థ అంటే ఏమిటో బోధపడుతుంది. దాని తల్లిదండ్రుల్లో ఎంటీయూ 1010 మారుటేరుది, జేజీఎల్ 3855 జగిత్యాలది. ఆ రెండింటినీ కలిపి వంగడాన్ని ఎంపిక చేసినది రాజేంద్రనగర్. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఉన్న మూడు కేంద్రాలు, పలువురు ప్రజననకారుల పని ఒక గింజలో చేరింది. సంకరణం జరిగినప్పుడు ఉన్న నాయకత్వం వేరు, విడుదలనాటి నాయకత్వం వేరు, అది రైతుల్లోకి విస్తృతంగా వెళ్లిననాటి నాయకత్వం వేరు. కాబట్టి రకం పేరుతో ఏ ఉపకులపతికీ కీర్తి కట్టబెట్టడం సరికాదు. అలాగే ఆయన హయాంలో రకాలు రాలేదని నిందించడమూ సరికాదు. నాయకుణ్ణి అడగవలసిన ప్రశ్న వేరు: ఆయన కాలంలో ఎన్ని సంకరణాలు జరిగాయి? ఎన్ని ప్రజనన స్థానాలు ఖాళీగా మిగిలాయి? విభజనలో చేతికొచ్చిన వంగడాలు భద్రంగా ఉన్నాయా? ఆయన వెళ్లిన పదేళ్లకు వచ్చే రకాలే ఆయన పాలనకు సమాధానం.

2020 వానాకాలపు పాఠం

శాస్త్రం, ప్రభుత్వం కలిసి నడిచినప్పుడు ఏమవుతుందన్నది 2020లో కనిపించింది. ఆ వానాకాలంలో రాష్ట్ర ప్రభుత్వం నియంత్రిత సాగు విధానాన్ని ప్రకటించింది. వానాకాలంలో మొక్కజొన్న వద్దని, కంది, పత్తి విస్తీర్ణం పెంచాలని, వరిలో తెలంగాణ సోనా వంటి సన్నరకాలు వేయాలని సూచించింది. నేల, వాన, విపణి దృష్ట్యా ఏ పంట ఎక్కడ తగినదన్న శాస్త్రీయ ఆలోచన ఇందులో ఉన్నది. రైతులు చాలామంది ఆ సూచన పాటించారు. అదే సంవత్సరాంతానికి ప్రభుత్వం ఆ విధానాన్ని విరమించుకున్నది.

దీనిని విశ్వవిద్యాలయపు వైఫల్యమనో ప్రభుత్వపు వైఫల్యమనో ముద్రవేయడం తేలిక. విస్తరణ శాస్త్రవేత్తకు పనికి వచ్చే పాఠం మరొకటి. నేల తగినదని చెప్పడం శాస్త్రవేత్త చేయగలడు. ఆ పంటకు ధర దక్కుతుందని హామీ ఇవ్వడం అతని చేతిలో లేదు. ఈ రెండింటినీ ఒకే సలహాగా కలిపి చెప్పినప్పుడు, ధర తప్పిన రోజున శాస్త్రం మాట కూడా విలువ కోల్పోతుంది. సన్నరకం వేసిన రైతు దొడ్డురకం వేసిన పొరుగు రైతుతో దిగుబడినీ ధరనూ పోల్చుకుంటాడు. తరువాతి సీజనులో విస్తరణాధికారి మాట వినాలా వద్దా అన్నది ఆ పోలికే నిర్ణయిస్తుంది. కాబట్టి ప్రభుత్వ సమావేశంలో కూర్చున్న శాస్త్రవేత్త ఒక మాట స్పష్టంగా చెప్పగలగాలి: ‘ఇంతవరకు మా లెక్క, ఇక్కడి నుంచి మీ హామీ.’ ఈ సరిహద్దు గీయడం మడిలో నేర్పని విద్య.

మరొక ఉదాహరణ: డాక్టర్ ఎం.వి. రావు

తెలుగు నేల నుంచి ఇదే దారిలో ముందు నడిచిన మరొకరు డాక్టర్ మంగిన వెంకటేశ్వరరావు గారు. పశ్చిమ గోదావరి జిల్లాలో పుట్టి, హరిత విప్లవ కాలంలో గోధుమ శాస్త్రవేత్తగా పనిచేసి, 1986లో మొదలైన జాతీయ నూనెగింజల సాంకేతిక మిషన్‌కు సారథ్యం వహించి, తరువాత మన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 1985–86లో సుమారు 108 లక్షల టన్నులున్న దేశపు నూనెగింజల ఉత్పత్తి 1998–99 నాటికి సుమారు 247 లక్షల టన్నులకు చేరింది. ఆ మిషన్ విజయానికి మూలం కొత్త రకాలు మాత్రమే కావు. విత్తనం, సాంకేతికత, మద్దతు ధర, సేకరణ, శుద్ధి పరిశ్రమ, దిగుమతి విధానం ఒకే బల్ల దగ్గర చేరడం. దిగుమతుల తలుపు తెరుచుకున్న తరువాత ఆ స్వావలంబన నిలవకపోవడం కూడా అదే సంగతిని రెండవ వైపు నుంచి చెబుతుంది.

గోధుమ శాస్త్రవేత్త నూనెగింజలను నడిపించగలిగారంటే, నాయకత్వానికి కావలసినది ఆ పంటపై ప్రావీణ్యం కన్నా ఎక్కువగా, శాస్త్రం ఎక్కడ ఆగుతుందో, ఆ తరువాత ఎవరి పని మొదలవుతుందో గుర్తించే వివేకమని అర్థమవుతుంది. 2020 నాటి మన అనుభవాన్ని ఈ నేపథ్యంలో చదివితే లోపించిన ముడి ఏదో తెలుస్తుంది.

శాస్త్రవేత్త పాలకుడయితే పోయేదేమిటి?

లాభాలను మాత్రమే చెప్పి ఊరుకుంటే పరిశీలన అసంపూర్ణమవుతుంది. అనుభవం పండిన పరిశోధకుడు పాలనలోకి వెళ్లినప్పుడు ఒక ప్రయోగశాల నడక మందగిస్తుంది. అతని వద్ద చేరవలసిన పరిశోధక విద్యార్థులు మరొకరిని వెతుక్కుంటారు. దీర్ఘకాలిక ప్రయోగాలు మధ్యలో ఆగే ప్రమాదం ఉన్నది. నీటి ప్రయోగాలకు వరుసగా కొన్ని సంవత్సరాల వాతావరణం కావాలి, కరువు సంవత్సరమూ వాన సంవత్సరమూ రెండూ రావాలి. మధ్యలో చెయ్యి మారితే ఆ వరుస తెగుతుంది.

దీనికి పరిష్కారం శాస్త్రవేత్తలను పాలనకు దూరంగా ఉంచడం కాదు. ప్రతి ప్రధాన ప్రయోగానికీ ఒక సీనియరు, ఒక జూనియరు శాస్త్రవేత్త ఉమ్మడి బాధ్యులుగా ఉండాలి. ప్రయోగ వివరాలు వ్యక్తి డైరీలో గాక కేంద్రం రికార్డులో ఉండాలి. ఖాళీ అయిన స్థానం ఏడాదిలోగా నిండాలి. ఈ మూడూ ఉన్న సంస్థ తన మంచి శాస్త్రవేత్తను పాలనకు ధైర్యంగా పంపగలదు. లేని సంస్థ ఒక ఉపకులపతిని పొంది ఒక పరిశోధన విభాగాన్ని కోల్పోతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు

ఆచార్య ప్రవీణ్‌రావు గారికి 2017–19 కాలానికి డాక్టర్ ఎం.ఎస్. స్వామినాథన్ పురస్కారం లభించింది. 2022లో పదవీకాలం ముగిసిన తరువాత ఆయన సిద్దిపేట జిల్లా గౌరారంలోని కావేరీ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా వెళ్లారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పొందిన అనుభవం ఇప్పుడు ప్రైవేటు రంగంలోని వ్యవసాయ విద్యకు చేరుతోంది. ఈ మార్పు వ్యవసాయ విద్యలో రాబోయే కాలానికి సూచన కూడా.

ఈ జీవితం నుంచి మన విద్యార్థులు స్వీకరించవలసినది పదవి వైపు చూపు కాదు, కొలిచే అలవాటు. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు ఉన్నాయి. ప్రతి విస్తరణాధికారికీ ఒక క్లస్టరు ఉన్నది. ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. వీటిలో ప్రతిచోటా ఒక ఆవిరి నమోదు పాత్ర, ఒక వర్షమాపకం, వారం వారం ‘ఈ పంటకు ఈ దశలో ఇన్ని నిమిషాల నీరు’ అని రాసిన ఒక బోర్డు ఉంచడానికి పెద్ద నిధులు అక్కరలేదు. చేవెళ్ల మండలంలో టమాట రైతుకు 48 నిమిషాలని చెప్పగలిగిన అధికారి, డ్రిప్పు వాడండని పదిసార్లు చెప్పిన అధికారి కన్నా ఎక్కువ నీరు కాపాడతాడు.

దానితో పాటే రెండవ లెక్క కూడా రాయాలి. ఊరిలో డ్రిప్పు విస్తీర్ణం ఎంత పెరిగింది? బోర్ల నీటిమట్టం ఎంత మారింది? కొత్తగా సాగులోకి వచ్చిన భూమి ఎంత? ఈ మూడు అంకెలను పక్కపక్కన రాసి ఏటా గ్రామసభ ముందు ఉంచితే, మిగిలిన నీటిని ఏం చేయాలన్నది ఊరే ఆలోచిస్తుంది. ఒక మండలంలో ఈ పని చేసిన యువ శాస్త్రవేత్త ఉపకులపతి పదవికి ఎన్నడూ చేరకపోవచ్చు. అయినా మడి గట్టు దాటి ఆలోచించే శిక్షణ అతనికి అక్కడే లభిస్తుంది. రేపు ప్రభుత్వ సమావేశంలో కూర్చునే అవకాశం వస్తే, అతని చేతిలో అభిప్రాయంతో పాటు ఇరవై ఏళ్ల అంకెలు కూడా ఉంటాయి.